నోరు విప్పకపోయినా ఇంట్లో అందరికీ తెలుస్తుంది

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే సంగతి గురించి ఉన్నాయి. ఒక మనిషి ముఖం, నడక, గొంతు, ఆఖరికి మౌనం కూడా పక్కవాళ్లను ఏం చేస్తాయి, దానికి మనం ఏం చేయగలం అని. బైరాగిపట్టెడ నుంచి వచ్చిన ఉత్తరాన్ని ముందు పెడుతున్నాను. దానికి జవాబు పొడుగ్గానే ఉంటుంది, ఎందుకంటే ఆ ఇల్లు ఒక్క బైరాగిపట్టెడలోనే లేదు.

ప్రశ్న: మా ఇంటాయన గాంధీరోడ్డులో ఒక బట్టల షాపులో లెక్కలు రాస్తారు. మంచి మనిషి. తాగరు, తిట్టరు, పిల్లల మీద చెయ్యెత్తరు. కానీ రాత్రి వీధి మొదట్లో బండి చప్పుడు వినబడగానే మా పాప టీవీ కట్టేస్తుంది, చిన్నోడు పుస్తకం ముందరేసుకుంటాడు, నేను వంటింట్లోకి పోతాను. ఆయన వచ్చి ఎవరివైపూ చూడకుండా కూర్చుంటారు. ఏమైందని అడిగితే "నేనేమన్నాను మిమ్మల్ని? ఒక్క మాటన్నానా?" అంటారు. నిజమే, అనలేదు. మరి మాకెందుకు ఇంత భయం? తప్పు మాదేనా?
(ఒక పాఠకురాలు, బైరాగిపట్టెడ, తిరుపతి)

జవాబు: అమ్మా, తప్పు మీది కాదు. ఆయనది అని కూడా నేను అనను. ఆయన లెక్కలో నోట్లోంచి మాట రాకపోతే కోపం బయటికి రానట్టే. షాపు గొడవ ఇంటికి తేకూడదని పళ్ల బిగువున పట్టుకుని వస్తారు పాపం, అందులో ఆయనకు మీ మీద ఉన్న ప్రేమ కూడా ఉంది. కానీ నోరు ఊరుకున్నంత సులువుగా ఒళ్లు ఊరుకోదు. దవడ బిగుసుకుంటుంది, భుజాలు పైకి లేస్తాయి, బండికి స్టాండు వేసే చప్పుడు మారుతుంది, చెప్పులు విడిచే తీరు మారుతుంది, "నాన్నా" అని పిలిస్తే పలకడానికి పట్టే సమయం పెరుగుతుంది. మీ పిల్లలు వినేది మాటల్ని కాదు, వీటిని.

నాట్యశాస్త్రంలో భరతుడు ఎనిమిది సాత్త్విక భావాలు చెప్పాడు. ఒళ్లు కొయ్యబారిపోవడం, చెమట పట్టడం, రోమాలు నిక్కబొడుచుకోవడం, గొంతు మారిపోవడం, వణుకు, ముఖం రంగు మారడం, కన్నీళ్లు, స్పృహ తప్పడం. చెయ్యి ఎలా తిప్పాలో నేర్పినట్టు వీటిని నేర్పడం కుదరదు, మనసు అందులో లీనమైతేనే అవి వస్తాయి. అంతటి నటులకే పిలిస్తే రానివి, ఆపమంటే మాత్రం మనలాంటి మామూలు మనుషులు ఆపగలరా?

ఆపాలని చూస్తే ఏమవుతుందో 2003లో ఎమిలీ బట్లర్, జేమ్స్ గ్రాస్ మరికొందరు కలిసి ప్రచురించిన పరిశోధన ఒకటి ఉంది, అది మీ ఇంటాయన తప్పక వినాల్సింది. ఒకరికొకరు తెలియని ఆడవాళ్లను ఇద్దరిద్దరుగా కూర్చోబెట్టి, మనసును కలచివేసే సినిమా చూపించి, దాని గురించి మాట్లాడుకోమన్నారు. కొన్ని జంటల్లో ఒకామెకు మాత్రం చాటుగా ఒక మాట చెప్పారు: నీకేమనిపిస్తోందో ముఖంలో కనబడనివ్వకు అని. ఎదురుగా ఉన్న ఆమెకు ఈ సంగతి తెలియదు. చివరికి తేలిందేమిటంటే, దాచుకున్న ఆమెకే కాదు, ఏమీ తెలియకుండా ఎదురుగా కూర్చున్న ఆమెకు కూడా బీపీ పెరిగింది. పైగా అలాంటి మనిషితో స్నేహం చేయాలని కూడా అంతగా అనిపించలేదు. అంటే దాచడం వల్ల ఎదుటివాళ్లకు రక్షణ ఏమీ లేదు, ఏదో జరుగుతోందని వాళ్ల ఒంటికి తెలుస్తూనే ఉంటుంది, అదేమిటో మాత్రం తెలియదు. నన్నడిగితే కోపం కంటే ఈ తెలియకపోవడమే మీ ఇంట్లో ఎక్కువ భయపెడుతోంది.

పిల్లల సంగతి ఇంకా తీవ్రం. 2014లో సారా వాటర్స్, టెస్సా వెస్ట్, వెండీ మెండెస్ ఏడాది దాటిన పసిపిల్లల తల్లులతో ఒక పరీక్ష చేశారు. తల్లిని వేరే గదిలోకి తీసుకెళ్లి ముక్కూమొహం తెలియనివాళ్ల ముందు మాట్లాడించారు, వినేవాళ్లు కావాలనే మొహం చిట్లిస్తూ, తల అడ్డంగా ఊపుతూ కూర్చున్నారు. ఆ తర్వాత తల్లిని తెచ్చి బిడ్డ దగ్గర కూర్చోబెడితే, కాసేపట్లోనే బిడ్డ గుండె పనితీరు కూడా తల్లి టెన్షన్‌ను అనుసరించి మారింది, కొత్తవాళ్లు పలకరించబోతే ఆ పిల్లలు ఎక్కువగా ముడుచుకుపోయారు. తల్లి బిడ్డకు ఏమీ చెప్పలేదు, ఏడాది బిడ్డకు చెబితే మాత్రం ఏం తెలుస్తుంది. ఏడాది బిడ్డకే అంత తెలిస్తే బడికి పోయే మీ పాపకు ఎంత తెలుస్తుందో ఆలోచించండి. కారణం ఎవరూ చెప్పకపోతే పిల్లలు తమకు తామే ఒకటి చెప్పుకుంటారు, అది దాదాపు ఎప్పుడూ "నా వల్లే" అన్నదే అవుతుంది.

ఇప్పుడు ఇంకోవైపు నుంచి చూడండి, ఈ ముక్క మీ ఉత్తరంలో లేదు కానీ ఉండాల్సింది. రోజంతా షాపులో లెక్కలు రాసి, మాటలు పడి, ఇంటికొచ్చిన మనిషికి తలుపు దగ్గర కనబడేది ఏమిటి? టీవీ ఆగిపోయి ఉంది, కొడుకు పుస్తకంలోకి తల దించుకున్నాడు, భార్య లోపలికి పోతోంది. నేను రాగానే అందరూ లేచిపోతున్నారు అని ఆయనకు అనిపించదా? ఆ బాధతో ముఖం ఇంకాస్త బిగుసుకుంటుంది, దాన్ని చూసి మీరు ఇంకాస్త లోపలికి పోతారు. కాబట్టి దీన్ని ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు తెంపాలి. మీరు ఈ రాత్రే చేయగలిగింది ఒకటుంది, పిల్లల్ని టీవీ ఆపవద్దని చెప్పి, మీరూ వంటింట్లోకి పోకుండా హాల్లోనే ఉండండి. తలుపు దగ్గరే "ఏమైంది" అని ప్రశ్న వేయకండి, మంచినీళ్లు ఇచ్చి వదిలేయండి.

ఆయన చేయాల్సింది కూడా ఒక్కటే. చెప్పులు విడిచేటప్పుడు ఒక్క వాక్యం: "ఈరోజు షాపులో గొడవైంది, మీ మీద కాదు, ఓ అర్ధగంట నన్ను వదిలేయండి." మొత్తం కథ అక్కర్లేదు, ఓనరు ఏమన్నాడో ఎవరి లెక్క తప్పిందో తర్వాత చెప్పొచ్చు లేదా అసలు చెప్పకపోవచ్చు. "మీ మీద కాదు" అన్న మూడు ముక్కలు చాలు, పిల్లల గుండెల మీద నుంచి పెద్ద బరువు దిగుతుంది. ఇది ఆయనకు కూడా మేలే. 2007లో మాథ్యూ లీబర్‌మన్ బృందం మెదడు స్కానింగులతో చూపించింది: భయం, కోపం ఉన్న ముఖాలను చూసేటప్పుడు ఆ భావానికి ఒక పేరు పెట్టినవాళ్లలో, భయానికి సంబంధించిన అమిగ్డలా అనే భాగం ఉధృతి తగ్గింది. మగవాడు ఇంట్లో ఇలాంటివి చెప్పుకుంటే చులకన అవుతాడని మనవైపు ఒక నమ్మకం ఉంది, అది ఎన్ని ఇళ్లను మూగగా మార్చిందో చెప్పలేను.

ఒక్క హెచ్చరిక. ఇదంతా అలసిపోయి, నోరు మూసుకుని వచ్చే మంచి మనిషి గురించి. ఎవరైనా మౌనాన్ని శిక్షగా వాడుతుంటే, రోజుల తరబడి కావాలనే మాట్లాడకుండా భార్యను వేడుకునేలా చేస్తుంటే, లేదా బెదిరింపో దెబ్బో ఉంటే, అక్కడ మంచినీళ్ల సలహా పనికిరాదు. 181కి ఫోన్ చేయండి, అది మహిళల కోసం పెట్టిన నంబరే. ఇక ఆయనకు ఈ బరువు వారాలకొద్దీ దిగకపోతే, నిద్ర లేకపోతే, 14416కి తెలుగులోనే మాట్లాడొచ్చు. టెలీమానస్ అంటారు, మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం పెట్టిన ఫోన్ సేవ, 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది, డబ్బు కట్టాల్సిన పని లేదు.

ప్రశ్న: ఆర్టీసీ బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో రిసెప్షన్‌లో చేస్తున్నాను. తెల్లారుజామున నిద్రపోతున్న పిల్లల్ని భుజాన వేసుకుని వచ్చినవాళ్లకు రూము లేదని చెప్పాల్సింది నేనే. అరుస్తారు. మేనేజరు సార్ నవ్వుతూ మాట్లాడమంటారు. నవ్వుతాను. ఇంటికెళ్లాక అమ్మ అన్నానికి పిలిస్తే ఆమె మీద అరుస్తాను. ఎవరి కోపమో నాకెందుకు అంటుకోవాలి?
(ఒక అమ్మాయి, తిరుపతి)

జవాబు: అంటుకుంటుంది తల్లీ, అది నీ బలహీనత కాదు. స్వీడన్‌లో ఉల్ఫ్ డింబర్గ్ అనే ఆయన, ఆయన సహచరులు 2000లో చూపించిందేమిటంటే, కోపంగా ఉన్న ముఖం ఫొటోను 30 మిల్లీసెకన్లు మాత్రమే చూపించి, వెంటనే మామూలు ముఖం ఒకటి చూపిస్తే, కోపం ముఖం చూశామన్న సంగతి కూడా మనుషులకు తెలియదు, అయినా వాళ్ల కనుబొమల దగ్గరి కండరం కదిలింది. నవ్వు ముఖమైతే బుగ్గ కండరం. నువ్వు రోజంతా అలాంటి ముఖాలను అడుగున్నర దూరంలో చూస్తున్నావు.

గుంపులో ఇది ఎలా పాకుతుందో తిరుమల కొండమీద దర్శనం కోసం వైకుంఠం కాంప్లెక్సు కంపార్ట్‌మెంట్లలో కూర్చున్నవాళ్లు ఎవరైనా చెబుతారు. గంటలకొద్దీ ఓపిగ్గా కూర్చున్న హాల్లో ఒకాయన లేచి గేటు వైపు చూస్తే చాలు, పక్కనున్న నలుగురు లేస్తారు, కాసేపటికి హాలంతా పిల్లలతో సంచులతో నిలబడి ఉంటుంది, గేటు మాత్రం తెరుచుకోదు. నీ కౌంటరు ముందర కూడా అంతే, మొదట అరిచిన మనిషిని అలాగే నిలబెడితే వెనకున్న ముగ్గురూ అదే గొంతుతో మొదలుపెడతారు. కానీ ఇది రెండువైపులా పనిచేస్తుంది. సిగల్ బార్సేడ్ అనే ప్రొఫెసరు 2002లో ప్రచురించిన ప్రయోగంలో, బోనస్ డబ్బు ఎలా పంచాలో తేల్చే చిన్న చిన్న బృందాల్లో శిక్షణ పొందిన నటుణ్ని ఒకణ్ని కలిపారు. అతను సంతోషంగా, స్నేహంగా ఉన్న బృందాల్లో సహకారం పెరిగింది, గొడవ తగ్గింది, అది అతని వల్లేనని అక్కడివాళ్లు గుర్తించలేదు.

నవ్వమన్నారు కదా అని నవ్వడం వేరు, ఎదుటివాళ్ల కష్టం తలుచుకుని మాట్లాడడం వేరు. ఆర్లీ హోక్‌షీల్డ్ అనే సామాజికశాస్త్రవేత్త ఎయిర్‌హోస్టెస్‌ల పనిని చూసి 1983లోనే రాసింది, జీతం కోసం ముఖాన్నీ మనసునూ అద్దెకిచ్చే ఈ పని కూడా పనేనని, దానికి కూడా మనిషి అలసిపోతుందని. ఈ మాట మేనేజర్లందరూ వినాలి. ఎదురుగా ఉన్నవాళ్ల చంటిబిడ్డకు జ్వరమో, రాత్రంతా రైల్లో నిలబడి వచ్చారో అన్నది ఒక్క క్షణం తలుచుకుని "రాత్రంతా ప్రయాణం చేసొచ్చారు, ముందు కూర్చోండి సార్, పాపకు నీళ్లివ్వమంటారా" అంటే, రూము లేదన్న మాట ఆ తర్వాత చెప్పినా వినే తీరు వేరుగా ఉంటుంది. కూర్చున్న మనిషి నిలబడ్డంత గట్టిగా అరవలేడు, ఇది మాత్రం నేను కళ్లారా చూసింది. ఇక అమ్మ సంగతి: డ్యూటీ దిగగానే నేరుగా ఇంట్లోకి పోవద్దు, వీధి చివర ఆగి పది నిమిషాలు నడువు, ఊపిరి లోపలికి పీల్చేదానికన్నా బయటికి వదిలేది నెమ్మదిగా, పొడుగ్గా ఉంచు, గుండె దడ దానంతట అదే తగ్గుతుంది. ఆ తర్వాత గడప దగ్గర, పైన ఆ ఇంటాయనకు చెప్పిన వాక్యమే నీక్కూడా. "అమ్మా, ఈరోజు బాగా తిట్టించుకున్నాను, కాసేపు పలకరించొద్దు." అమ్మ నొచ్చుకోదు, నువ్వు అరిస్తే నొచ్చుకుంటుంది.

ప్రశ్న: ఇంటర్వ్యూల కోచింగులో మాటలకు 7 శాతమే విలువ, 93 శాతం బాడీ లాంగ్వేజే అని చెబుతున్నారు. లోపలికి పోయే ముందు నడుము మీద చేతులు పెట్టుకుని రెండు నిమిషాలు నిలబడితే ధైర్యం హార్మోన్లు పెరుగుతాయట. నిజమేనా సార్?
(ఎస్వీ యూనివర్సిటీ విద్యార్థి)

జవాబు: మొదటిది తప్పు నాయనా, రెండోది నిలబడలేదు. ఆ 93 శాతం ఆల్బర్ట్ మెహ్రాబియన్ 1967లో చేసిన చిన్న ప్రయోగాల నుంచి వచ్చింది. ఒంటి ముక్క మాటల్ని రకరకాల గొంతులతో వినిపించి, ముఖాల ఫొటోలు చూపించి, ఈ మనిషికి ఎదుటివాళ్లంటే ఇష్టమా కాదా అని అడిగారు. మాట ఒకటి, గొంతు ఒకటి చెబుతున్నప్పుడు ఇష్టాయిష్టాల గురించి జనం దేన్ని నమ్ముతారు అన్నంతవరకే ఆ లెక్క, మిగతా సంభాషణలకు వర్తించదని ఆయనే చెప్పాడు. ఇంటర్వ్యూలో సబ్జెక్టు తెలియకపోతే ఏ భంగిమా కాపాడదు.

నడుము మీద చేతుల ముచ్చటకు మూలం, ధైర్యం చూపే భంగిమల మీద 2010లో 42 మందితో చేసిన పరిశోధన. 2015లో ఎవా రానెహిల్ బృందం 200 మందితో మళ్లీ చేస్తే, కాస్త ధైర్యంగా అనిపించిందని జనం చెప్పారు గానీ హార్మోన్లలో మార్పు కనబడలేదు. మొదటి పరిశోధన రాసినవాళ్లలో ముందున్న డానా కార్నీయే 2016లో, ఆ ప్రభావం నిజమని నేను నమ్మడం లేదని బహిరంగంగా ప్రకటించింది. అలా చెప్పడానికి ఎంత ధైర్యం కావాలో, ఆమె అంటే నాకు చాలా గౌరవం.

అలాగని బయటి రూపం లోపలి మనిషిని మార్చదని కాదు. మన తిరుపతి గంగజాతర చూసే ఉంటావు, మొక్కుకున్నవాళ్లు రోజుకో వేషం వేస్తారు. ఏడాదంతా తలెత్తి మాట్లాడని కుర్రాడు చీర కట్టి, పూలు పెట్టి, వేషంతో వీధిలోకి వచ్చాడంటే నడక మారిపోతుంది, చూపు మారిపోతుంది, బండవేషం రోజున ఎవరినైనా ఎదురుగా తిట్టగలుగుతాడు. కానీ అక్కడ భంగిమ ఒక్కటే లేదు. మొక్కు ఉంది, ఆచారం ఇచ్చిన అనుమతి ఉంది, అతన్ని అలా చూడడానికే నిలబడ్డ ఊరంతా ఉంది. బాత్రూమ్ అద్దం ముందర ఒంటరిగా నిలబడితే అదంతా ఎక్కడి నుంచి వస్తుంది? నీకు కావాల్సింది ఎదురుగా మనుషులు, అందుకని ముగ్గురు స్నేహితుల్ని కూర్చోబెట్టి వాళ్లచేత ప్రశ్నలు అడిగించుకో.

ప్రశ్న: ఇంటర్ చదివే మా వాడు ఏదడిగినా కళ్లలోకి చూడడు. అబద్ధం చెప్పేవాళ్లు కళ్లు ఒక పక్కకు తిప్పుతారని యూట్యూబ్‌లో చూశాను. వాడు అబద్ధం చెబుతున్నాడా, ఎలా తెలుసుకోవాలి?
(ఒక తండ్రి, చిత్తూరు)

జవాబు: కళ్లను చూసి తెలుసుకోలేరు. కళ్లు తిప్పే దిక్కుకీ అబద్ధానికీ సంబంధం లేదని రిచర్డ్ వైజ్‌మన్, ఆయన సహచరులు 2012లో పరీక్షించి మరీ తేల్చారు. చార్లెస్ బాండ్, బెల్లా డిపాలో 2006లో ఎన్నో పరిశోధనలను కలిపి, మొత్తం 24 వేల మందికి పైగా ఇచ్చిన తీర్పులను లెక్క కడితే, నిజమో అబద్ధమో జనం సరిగ్గా చెప్పింది నూటికి 54 సార్లు. బొమ్మాబొరుసూ వేసినా 50 వస్తుంది. మనుషుల ముఖాలు చూసి నిజం తేల్చలేమని మన పెద్దలకు తెలుసు గనకే, తగువు తెగకపోతే కాణిపాకం వినాయకుడి ముందర ప్రమాణం చేయించారు.

అదీగాక తండ్రి అడుగుతుంటే తల దించుకోవాలని మనమే నేర్పాం, ఇప్పుడు కళ్లలోకి చూడలేదని అనుమానిస్తే ఎలా? వాడు మీ ముఖాన్ని చూస్తున్నాడని గుర్తుంచుకోండి. మీరు పోలీసులా నిలబడి అడిగితే, తప్పు చేయనివాడి చేతులు కూడా వణుకుతాయి, ఆ వణుకు మీకు సాక్ష్యంలా కనబడుతుంది. ఎదురుగా కూర్చోబెట్టొద్దు, స్కూటరు మీద వెనక కూర్చోబెట్టుకుని ఏదో పని మీద తీసుకెళ్తూ మాట్లాడండి, ముఖాలు కనబడవు గనక ఇద్దరికీ సులువు.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒకాయన పొద్దున లేస్తే చావులు, యాక్సిడెంట్లు పెడతాడు. ముఖం కనబడకపోయినా అది మన మూడ్‌ను మారుస్తుందా?
(ఒక పాఠకుడు, తిరుపతి)

జవాబు: మారుస్తుంది గానీ కొంచెమే. 2012 జనవరిలో ఫేస్‌బుక్ 6,89,003 మందికి కనబడే పోస్టుల్లో సంతోషం లేదా బాధ ఉన్నవాటిని వారంపాటు తగ్గించి చూసింది, వాళ్లు రాసే మాటలు కూడా అటే మొగ్గాయి, కాకపోతే మార్పు చాలా చిన్నది. ఎవరికీ చెప్పకుండా చేశారని 2014లో అది బయటికొచ్చాక పెద్ద గొడవైంది, కావాల్సిందే. మీరు గ్రూపును మ్యూట్‌లో పెట్టండి, వీలైతే ఆయన్ను ఒకసారి టీకి పిలవండి. రోజూ చావు వార్తలు పంచే మనిషి ఇంట్లో పలకరించేవాళ్లు ఎవరున్నారో కనుక్కోవడం మంచిది.

ప్రశ్న: నేను బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాను, అమ్మ చిత్తూరులో. ఆఫీసులో బాగా ఇబ్బందిగా ఉంది, అమ్మకు తెలియకూడదని వీడియో కాల్ మానేసి మామూలు ఫోనే చేస్తున్నాను. అయినా "ఏమైంది పాపా" అంటుంది. ఎలా కనిపెడుతోంది?
(ఒక పాఠకురాలు)

జవాబు: మీరు ముఖం దాచి గొంతు అప్పజెప్పారు. మైఖేల్ క్రౌస్ అనే ఆయన 2017లో ప్రచురించిన పరిశోధనలో, ముఖమూ గొంతూ రెండూ అందినవాళ్ల కన్నా గొంతు మాత్రమే విన్నవాళ్లు ఎదుటివాళ్ల భావాలను ఎక్కువ సరిగ్గా పట్టుకున్నారు. చూడడానికి ఏమీ లేకపోతే ధ్యాసంతా వినడం మీదే ఉంటుంది. పైగా వినేది మీ అమ్మ, ఆ గొంతులో మాటలు రాకముందు నుంచీ వింటోంది.

ఆదివారం ఫోన్ చేసి చెప్పేయండి. ఆఫీసులో ఇట్లా ఉంది, నేను చూసుకుంటున్నాను, నువ్వు నాకోసం ఏమీ చేయనక్కర్లేదు, వింటే చాలు అని. ఆమె సగం ఇప్పటికే కనిపెట్టింది, మిగతా సగాన్ని రాత్రుళ్లు పడుకుని ఊహించుకుంటూ ఉంటుంది, ఆ ఊహల్లో మీ ఆఫీసు ఇబ్బందికన్నా ఘోరమైనవే ఉంటాయి.